బండి మీది డిష్‌కు ముందు గొట్టం నిలువు, ఆ తర్వాతే సిగ్నల్

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఉద్యోగ విరమణ తర్వాత పాత మినీబస్సు ఒకటి కొని, లోపల పడకలు, చిన్న వంటగట్టు ఏర్పాటు చేయించుకుని, నేనూ నా భార్యా తీర్థయాత్రలకు తిరుగుతున్నాం. బండి పైకప్పు మీద గొట్టం బిగించి 60 సెంటీమీటర్ల డిష్, లోపల డీడీ ఫ్రీ డిష్ బాక్సు పెట్టించాం. పెరట్లో బిగించి చూపించిన రోజున బొమ్మ చక్కగా వచ్చింది. అంతర్వేది వెళ్లి ఏటిగట్టు పక్కన ఆపితే మాత్రం స్ట్రెంత్ 80 చూపిస్తోంది, క్వాలిటీ సున్నా. ఎలాగో తిప్పి తెప్పించుకుంటే, లోపల ఎవరు నడిచినా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతోంది. ఈ మధ్య తెల్లవారుజామున మంచు పడితే ఇంటి దగ్గర కూడా రావడం లేదు, ఎండ ఎక్కాక దానంతట అదే వస్తోంది. బాక్సు పాడైందా? పెద్ద డిష్ కొనమంటారా? అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడ ఆర్‌వీల (ఇల్లులా అమర్చుకున్న బండ్ల) మీద వాడే గుమ్మటం లాంటి ఆటోమేటిక్ యాంటెన్నా పంపిస్తానంటున్నాడు. అది ఇక్కడ పనిచేస్తుందా? వచ్చే నెలలో కాశీ ప్రయాణం పెట్టుకున్నాం.

సమాధానం: మీ బాక్సు బాగానే ఉంది. పెద్ద డిష్ అవసరం లేదు. ఈ రెండు మాటలూ ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఉత్తరం చదివితే మీరు దుకాణానికి వెళ్లే ఆలోచనలో ఉన్నట్టు కనిపిస్తోంది. మీరు రాసిన లక్షణాలలో నిజానికి మూడు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. గట్టు మీద క్వాలిటీ సున్నా కావడం ఒకటి, నడిస్తే బొమ్మ విడిపోవడం ఇంకొకటి, మంచుకు బొమ్మ పోవడం మరొకటి. మొదటి రెండింటికీ మూలం ఒక్కటే: డిష్‌ను మోసే గొట్టం నిలువుగా లేకపోవడం, నిలకడగా లేకపోవడం. మూడోది తీగ చివర పట్టిన తడి.

ఇంటి మీద డిష్‌కూ బండి మీద డిష్‌కూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. గోడకు బిగించిన గొట్టం ఒకసారి నిలువు చూసి బిగిస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది కాబట్టి, దాని గురించి మళ్లీ ఎవరూ ఆలోచించరు. బండి ఆగిన ప్రతిచోటా నేల వాలు మారుతుంది, ఆ వాలుతో పాటే గొట్టమూ ఒరుగుతుంది. మీ డిష్ బిగించినవారు పెరట్లో, చదునైన నేల మీద, ఆ ఒక్క చోటికి సరిపోయేలా సరిచేశారు. ఏటిగట్టు పక్కన రోడ్డు అంచు వాలుగా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. మీటరు పొడవున్న గొట్టం పైకొస అయిదు సెంటీమీటర్లు పక్కకు జరిగితే అది మూడు డిగ్రీల వాలు. అంత వాలు కంటికి ఆనదు, కానీ డిష్‌కు అది చాలా ఎక్కువ.

ఎంత ఎక్కువో మన ప్రాంతపు లెక్కతో చెబుతాను. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చేది 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్-15 ఉపగ్రహం నుంచి. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది. రాజోలు, అమలాపురం, నరసాపురం పరిసరాల నుంచి చూస్తే దాని దిక్కు ఉత్తరం నుంచి సవ్యంగా లెక్కించి 144 డిగ్రీలు, అంటే ఆగ్నేయం నుంచి కొంచెం దక్షిణానికి. దాని ఎత్తు నేల నుంచి 66 డిగ్రీల పైచిలుకు. అంటే దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉందన్నమాట. డెల్టాలో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లినా ఎత్తు ఒక డిగ్రీ కూడా మారదు, దిక్కు రెండు మూడు డిగ్రీలకు మించి మారదు. కాబట్టి అంతర్వేదిలో ఉపగ్రహం చోటు మారిందేమో అనే అనుమానం వద్దు. మారింది మీ బండి వాలు.

ఉపగ్రహం ఇంత పైన ఉన్నప్పుడు డిష్‌ను పక్కకు తిప్పడం, పైకి కిందికి వంచడం ఒకే లెక్కలో పనిచేయవు. 60 సెంటీమీటర్ల డిష్ గురి సూటిగా ఉన్నచోటి నుంచి సుమారు 1.4 డిగ్రీలు తప్పితే అందే శక్తి సగానికి పడిపోతుంది. పైకి కిందికి అయితే ఆ 1.4 డిగ్రీలు డిష్ అంచు దగ్గర కేవలం ఏడు మిల్లీమీటర్ల కదలిక. పక్కకు తిప్పేటప్పుడు మాత్రం ఆకాశంలో అంతే దూరం జరగడానికి గొట్టం చుట్టూ దాదాపు మూడున్నర డిగ్రీలు తిప్పాలి, అంటే అంచు దగ్గర సుమారు రెండు సెంటీమీటర్లు. సిగ్నల్ పోగానే చాలామంది డిష్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటారు. మన దగ్గర దిక్కు కొంచెం తప్పినా క్షమిస్తుంది, ఎత్తు తప్పితే క్షమించదు. గొట్టం ఉపగ్రహం వైపుకు గానీ వెనక్కి గానీ మూడు డిగ్రీలు ఒరిగిందంటే ఎత్తు సరిగ్గా మూడు డిగ్రీలు తప్పినట్టే. ఆ స్థితిలో డిష్‌ను ఎన్ని చుట్లు తిప్పినా జీశాట్-15 దొరకదు.

మరి స్ట్రెంత్ 80 ఎందుకు చూపించింది? స్ట్రెంత్ అనే అంకె ఎల్‌ఎన్‌బి నుంచి, అంటే డిష్ చేతి కొసన ఉండి సిగ్నల్‌ను అందుకునే భాగం నుంచి, తీగ గుండా ఏదో ఒకటి వస్తోందని మాత్రమే చెబుతుంది. అది మన ఉపగ్రహం కావచ్చు, పక్క ఉపగ్రహం కావచ్చు, ఒట్టి రొద కావచ్చు. 91.5 డిగ్రీల దగ్గర, 95 డిగ్రీల దగ్గర వేరే ఉపగ్రహాలు ఉన్నాయి, అవి ఆకాశంలో మన దానికి రెండేసి డిగ్రీల దూరంలోనే ఉంటాయి. డిష్ వాటిలో ఒకదాని వైపు చూస్తున్నా స్ట్రెంత్ నిండుగా ఉంటుంది, క్వాలిటీ మాత్రం లేవదు. కాబట్టి సరిచేసేటప్పుడు స్ట్రెంత్ గీతను చూడటం మానేసి, క్వాలిటీ ఒక్కదాన్నే చూడండి. మీ బాక్సు స్ట్రెంత్ చూపిస్తోందంటే, ఎల్‌ఎన్‌బికి కరెంటు పంపే పని, దాని నుంచి వచ్చేది అందుకునే పని రెండూ చేస్తోందని కూడా అర్థం. బాక్సు మీద అనుమానం తీసేయమన్నది అందుకే.

ఇక చేయవలసిన పని. నా సలహా ఏమిటంటే డిష్‌ను పైకప్పు మీద నుంచి దింపి, విడిగా మూడు కాళ్ల స్టాండు మీద నేల మీదే నిలబెట్టుకోండి. దీనివల్ల మీరు రాసిన రెండో ఇబ్బంది కూడా తీరిపోతుంది. బండి స్ప్రింగుల మీద ఊగుతుంది. మనిషి ఒక పక్కకు నడిచినప్పుడు బండి ఆ పక్క మూడు సెంటీమీటర్లు దిగిందంటే పైనున్న గొట్టం ఒక డిగ్రీ ఒరుగుతుంది. గురి సరిగ్గా కుదిరిన డిష్ ఆ ఒక్క డిగ్రీని తట్టుకుంటుంది. మీరు ఎలాగో తిప్పి తెప్పించుకున్న గురి సిగ్నల్ అంచు మీద ఉంది, అందుకే అడుగు వేయగానే బొమ్మ విరిగింది. నేల మీది స్టాండుకు ఈ ఊగిసలాట తగలదు. పైగా బండిని చెట్టు నీడన ఆపుకొని, డిష్‌ను మాత్రం పది పన్నెండు మీటర్ల తీగతో ఎండలోకి తీసుకెళ్లవచ్చు. ఎండాకాలంలో ఆ సౌకర్యం విలువ మీకు తెలుస్తుంది. స్టాండు కాళ్ల కింద చెక్క పలకలు వేయడం మరిచిపోకండి. మన ఒండ్రు నేల సాయంత్రం గట్టిగా ఉన్నట్టే ఉండి, రాత్రి జల్లు పడితే ఒక కాలు దిగబడుతుంది, తెల్లారేసరికి గురి పోతుంది. సముద్రపు గాలి ఉన్నచోట స్టాండు మధ్య నుంచి ఇసుక బస్తా వేలాడదీయండి.

పైకప్పు మీదే ఉంచుకోవాలనుకుంటే, ఆగిన ప్రతిచోటా చక్రాల కింద చెక్క దిమ్మలు వేసి బండిని మట్టం చేసుకోవాలి, నాలుగు మూలలా జాకీలు ఆనించి ఊగకుండా ఆపాలి. అది చేయగలిగితే మంచిదే, కానీ రాత్రి ఎనిమిదింటికి గుడి దగ్గర ఆగినప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు చేసే పని కాదది.

స్టాండు నిలబెట్టగానే డిష్ తగిలించకండి. ముందు ఒట్టి గొట్టానికి రసమట్టం ఆనించి చూడండి. ఒక వైపు చూసి సరిపెట్టుకోకుండా, గొట్టం చుట్టూ పావు వంతు తిరిగి రెండో వైపు కూడా చూడాలి. తాపీ మేస్త్రీ వాడే చిన్న రసమట్టం చాలు, అది లేకపోతే దారానికి బరువు కట్టి వేలాడదీసినా నిలువు తెలుస్తుంది. రెండు వైపులా గాలి బుడగ నడుమకు వచ్చాకే తర్వాతి పని. ఈ రెండు నిమిషాల పని చేస్తే డిష్ వెనుక క్లాంపు మీద అచ్చువేసిన ఎత్తు అంకెలకు అర్థం ఉంటుంది, చేయకపోతే ఉండదు.

ఆ అంకెల దగ్గర 66 మీద పెట్టి బిగించండి. డిష్ ముఖం చూస్తే అది అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, నిలువు నుంచి 40 డిగ్రీల చిల్లర మాత్రమే వెనక్కి వాలి కనిపిస్తుంది. కంగారు పడకండి. మనం వాడే ఆఫ్‌సెట్ డిష్ తన ముఖం చూసే వైపు కన్నా సుమారు పాతిక డిగ్రీలు పైనుంచి వచ్చే కిరణాలను అందుకునేలా తయారవుతుంది, క్లాంపు అంకెలు ఆ తేడాను లెక్కలోకి తీసుకునే వేసి ఉంటాయి. చవక క్లాంపులలో అంకెలు ఒకటి రెండు డిగ్రీలు తప్పుగా ఉండటం మామూలే. అందుకని మొదటిసారి ఇంటి దగ్గర, గొట్టం నిలువు సరిచూసి, క్వాలిటీ అత్యధికంగా వచ్చిన చోట క్లాంపు మీద పెయింటుతో సన్నని గీత గీసుకోండి. డెల్టాలో ఎక్కడ ఆగినా ఆ గీతే మీకు కొలత.

తర్వాత దిక్కు. ఫోనులోని దిక్సూచిని బండి దగ్గర నిలబడి చూడకండి, ఇనుము దాన్ని పక్కదారి పట్టిస్తుంది. పది పదిహేను అడుగులు దూరంగా వెళ్లి 144 ఎటు వస్తుందో చూసి, ఆ వరుసలో దూరాన ఒక స్తంభమో చెట్టో గుర్తు పెట్టుకోండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా చాలా స్వల్పం కాబట్టి దాని గురించి ఆలోచించనవసరం లేదు. డిష్ చేతిని ఆ గుర్తు వైపు పెట్టి, అంచు పట్టుకుని, ఒక్కోసారి సెంటీమీటరు చొప్పున జరిపి, ప్రతిసారీ చేయి తీసేసి మూడు లెక్కపెట్టండి. బాక్సు సిగ్నల్‌ను గుర్తుపట్టి తెర మీద అంకె చూపించడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. చాలామందికి సిగ్నల్ దొరక్కపోవడానికి తొందరే కారణం. డిష్ ఉపగ్రహాన్ని దాటిపోయాక బాక్సు అంకె చూపిస్తుంది. క్వాలిటీ లేవగానే ఆపి, అటు ఎక్కడ పడిపోతుందో ఇటు ఎక్కడ పడిపోతుందో చూసి, ఆ రెండింటి నట్టనడుమ బిగించండి. ఎత్తుకు కూడా అలాగే చేయండి. అంచు మీద కాకుండా నడుమన బిగించిన డిష్ వాన జల్లులో కూడా కొంతసేపు నిలబడుతుంది.

చివరగా ఎల్‌ఎన్‌బి మెలి. ఉపగ్రహం మనకు తూర్పుగా ఉంది కాబట్టి దాని తరంగాలు ఊగే గీత మనకు నిలువుగా కాక ఏటవాలుగా ఉంటుంది. డిష్ వెనుక నిలబడి ఆకాశం వైపు చూస్తూ, ఎల్‌ఎన్‌బిని గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా 34 డిగ్రీల దాకా తిప్పితే అది సరిగ్గా కుదురుతుంది. చాలాచోట్ల బిగించేవారు దీన్ని నిలువుగానే వదిలేస్తారు, ఎండ రోజున ఆ లోటు తెలియదు, మబ్బు పట్టగానే తెలుస్తుంది.

చెట్ల విషయంలో మన ప్రాంతానికి ఒక మేలుంది. ఉపగ్రహం ఎంతో ఎత్తున ఉంది కాబట్టి చెట్టుకు మరీ దూరం వెళ్లనక్కర్లేదు. 60 అడుగుల కొబ్బరిచెట్టు ఆగ్నేయ దిశలో ఉంటే, దాని మట్టల కొసల నుంచి 26 అడుగుల దూరంలో డిష్ పెట్టినా చూపు పైనుంచి వెళ్లిపోతుంది. పడమర, ఉత్తరాల వైపు ఎన్ని చెట్లున్నా లెక్కలేదు. సముద్రతీరపు సరుగుడు తోటలకు దక్షిణంగా గానీ తూర్పుగా గానీ, తోట మీ వెనకాల ఉండేలా ఆగితే చాలు. గాలి వీచినప్పుడు మాత్రమే బొమ్మ విరుగుతూ, గాలి ఆగితే బాగుంటే ఏదో మట్ట దారిలోకి ఊగుతోందని తెలుసుకోండి. మార్చి రెండో వారం చివర్లో ఉదయం 11 గంటల 20 నిమిషాల ప్రాంతంలో, సెప్టెంబరు చివరన 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనుకకే వస్తాడు. అప్పుడు డిష్ మీద నీడ పడకపోతే దారి తెరిచి ఉన్నట్టే. ఆ రోజుల్లో ఆ కొద్ది నిమిషాలు సూర్యుడి రొదకు బొమ్మ దానంతట అదే పోయి వస్తుంది, డిష్‌ను ముట్టుకోకండి.

మంచుకు బొమ్మ పోవడం గురించి. ఎండ ఎక్కగానే బాగవుతోందంటే లోపం తీగ చివరనో ఎల్‌ఎన్‌బి మూతలోనో ఉంది, ఎండకు ఆ తడి ఆరిపోతోంది. బాక్సు కరెంటు తీసేసి, ఎల్‌ఎన్‌బి దగ్గర తీగ మర విప్పి చూడండి. నడుమనున్న రాగి తీగ మెరుస్తూ ఉండాలి. దాని మీద ఆకుపచ్చని చిలుము గానీ నల్లని పూత గానీ కనిపిస్తే, లోపలి అల్లిక వెండి రంగు పోయి బూడిద రంగులోకి మారి ఉంటే, అంతర్వేది ఉప్పుగాలి తన పని చేసిందన్నమాట. తుడిచి మళ్లీ బిగిస్తే వారం రోజులే నిలుస్తుంది. అల్లిక శుభ్రంగా కనిపించేదాకా తీగను కోసేయండి, అది అడుగు కావచ్చు, రెండడుగులు కావచ్చు. చేత్తో మెలితిప్పి ఎక్కించే కనెక్టరు బదులు పరికరంతో నొక్కి బిగించేది వేయించండి. రాగి తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, అల్లికలోని ఒక్క పోగు కూడా దానికి తగలకూడదు. తగిలితే బాక్సు పంపే 13 లేక 18 వోల్టులు అక్కడే షార్టవుతాయి. పైన తనంతట తాను అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, తీగను కనెక్టరు కన్నా కిందికి ఒక వంపు వేలాడనిచ్చి ఆ తర్వాత పైకి తీసుకెళ్లండి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎల్‌ఎన్‌బి ముందరి ప్లాస్టిక్ మూత పగిలి ఉంటే మాత్రం ఎల్‌ఎన్‌బి మార్చేయడమే మంచిది, దాని ఖరీదు ఎక్కువేమీ కాదు.

మీ బావమరిది గారి గుమ్మటం యాంటెన్నా వద్దని చెప్పండి. ఆయన ఆప్యాయతకు లోటేమీ లేదు, కానీ ఆ పరికరాలు అమెరికా కంపెనీల ఉపగ్రహాలను, అంటే పశ్చిమ రేఖాంశం 101, 110, 119 డిగ్రీల వంటి చోట్ల ఉన్నవాటిని, వెతికేలా తయారైనవి. ఆ ఉపగ్రహాలేవీ మన ఆకాశంలో కనిపించవు. పైగా అక్కడి ఆ సర్వీసుల తరంగాలు సుడి తిరుగుతూ వస్తాయి, మన ఫ్రీ డిష్ తరంగాలు ఒకే గీతలో ఊగుతూ వస్తాయి, అందువల్ల లోపలి ఎల్‌ఎన్‌బి కూడా పొసగదు. అక్కడి డిష్ నెట్‌వర్క్, ఇక్కడి డిష్ టీవీ పేర్లు దగ్గరగా ఉన్నా వేర్వేరు కంపెనీలు, ఆ పేరు చూసి నమ్మకండి.

స్టాండు ఎక్కడ నిలబెట్టినా పైన కరెంటు తీగలు లేని చోటు చూసుకోండి. ఉరుములు వినిపిస్తే బాక్సు వెనుక తీగ పీకేయండి.

కాశీ ప్రయాణానికి రెండు అంకెలు రాసి పెట్టుకోండి: దిక్కు 157 డిగ్రీలు, ఎత్తు 58. మన దగ్గరి కన్నా డిష్ ఎనిమిది డిగ్రీలు కిందికి వంగాలి కాబట్టి అక్కడ మేడలూ చెట్లూ ఎక్కువ అడ్డం వస్తాయి, ఆగ్నేయం, దక్షిణం తెరిచి ఉన్న మైదానం చూసి ఆపండి. ఎల్‌ఎన్‌బి మెలి కూడా 34 నుంచి 21కి తగ్గుతుంది, అంటే డిష్ వెనుక నుంచి చూస్తూ గడియారం ముల్లు దిశలో 13 డిగ్రీలు తిప్పాలి. ఎప్పుడైనా తిరుపతి వెళ్తే మీ పెయింటు గీతను ఒక డిగ్రీ లోపే సవరించుకోవాలి, దిక్కు మాత్రం 133కు, అంటే తూర్పు వైపుకు 11 డిగ్రీలు జరపాలి. అక్కడ మెలి 45 డిగ్రీలు.